ఆపరేటింగ్ సిస్టమునకు వేరు డ్రైవు: ఒక అలవాటు పుట్టుపూర్వోత్తరములు

2024 జూలై 19వ తేదీన శంషాబాదు విమానాశ్రయములో కొందరు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు లభించినవి. పేరు, విమానపు సంఖ్య, సీటు సంఖ్య అన్నియు సిబ్బంది కలముతో వ్రాసి ఇచ్చిరి. హైటెక్ సిటీ గల నగరమున ఇట్లు జరుగుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. ఆనాడు ప్రపంచమందంతటను విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపి నిలిచిపోయినవి. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థవారి రక్షణ సాఫ్టువేరునకు వచ్చిన ఒక సవరణలో దోషముండుటయే ఆ నీలితెరలకు మూలము. అట్లు నిలిచిన యంత్రములు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్టు అంచనా కట్టినది.

ఇందు గమనింపదగిన విషయము ఒకటి కలదు. ఆ దోషము ఎవరి ఉత్తరములను గాని, లెక్కలను గాని చెరిపివేయలేదు. యంత్రమును మేల్కొలిపి నడుపు భాగము మాత్రమే మూలబడినది. దోషమున్న ఒక్క ఫైలును తొలగించిన పిమ్మట యంత్రము మరల లేచినది. కాని యంత్రమే లేవనప్పుడు ఆ ఫైలును దూరమునుండి తొలగించుట కష్టము గనుక, అనేక చోట్ల మనుష్యులు ఒక్కొక్క యంత్రము చెంతకు పోవలసివచ్చినది.

యంత్రమును నడుపు సాధనము వేరు, ఆ యంత్రముతో మనము చేసికొన్న పని వేరు. ఈ రెంటిని వేరువేరు డ్రైవులపై ఉంచవలెనను ఆలోచన ఎట్లు పుట్టినది? కాలక్రమమున ఎట్లు మారినది? నేడు దానివలన మనకు ఎంతవరకు రక్షణ కలదు? ఈ వ్యాసమున విచారింపబోవునది ఇదియే.

కప్పు వేరు, గాదె వేరు

ఆపరేటింగ్ సిస్టము అనగా కంప్యూటరును నడుపు మూల ప్రోగ్రాముల సముదాయము. మీట నొక్కినది మొదలు, ఏ ప్రోగ్రామునకు ఎంత స్థలమీయవలెను, ఏ ఫైలు ఎచ్చట నున్నది, తెరపై ఏమి చూపవలెను అను వ్యవహారమంతయు అదియే చూచును. విండోస్, లినక్స్ ఇట్టివి.

దీనిని పూరింటి కప్పుతో పోల్చవచ్చును. కప్పు లేని ఇంట కాపురముండలేము. అయినను కొన్నియేండ్లకొకసారి పాతగడ్డి తీసి క్రొత్తగడ్డి కప్పుకొందుము. గాదెలోని ధాన్యము అట్టిది కాదు. అది తడిసి మొలకెత్తినచో మరల పంట చేతికి వచ్చువరకు పస్తే. ఇల్లు కప్పునప్పుడు గాదె తడవకుండ చూచుకొనుట ప్రతి రైతు ఎరిగిన జాగ్రత్త. అటులనే, చెడిన ఆపరేటింగ్ సిస్టమును మరల స్థాపించుకొనవచ్చును. ఒక విద్యార్థి ఆరు నెలలు కూర్చుండి వ్రాసిన పరిశోధన వ్యాసము పోయినచో, దానిని ఏ కంపెనీయు తిరిగి ఈయజాలదు.

పెద్ద యంత్రముల కాలము

తొలి కంప్యూటర్లలో ఈ సమస్యయే లేదు. హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడినది. డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు దానికి తొలి సారథి, నగరములోని ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరిటిదే. ట్రాంబేలో రూపొందిన 12 బిట్ల టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో పనికి వచ్చినది. తరువాతి సంవత్సరములలో ఆ వరుసలోని యంత్రములను ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసినది. ఆ తరము చిన్న యంత్రములలో ప్రోగ్రాములు సాధారణముగా కాగితపు పట్టీపై రంధ్రముల రూపమున ఉండెడివి. యంత్రము ఒకచోట, ప్రోగ్రాము ఒకచోట, లెక్కలు మరియొకచోట. అన్నియు విడివిడిగనే ఉన్నప్పుడు వేరుచేయుమని చెప్పవలసిన పనియేమి?

వాటినన్నిటిని ఒకచోట చేర్చినది అయస్కాంతపు డిస్కు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అను యంత్రముతో దీనిని ప్రవేశపెట్టినది. 24 అంగుళముల వెడల్పుగల పళ్లెరములు 50 చేర్చి త్రిప్పగా, అందు పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు చరవాణిలో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అంత స్థలము చాలకపోవచ్చును.

ఆ సంస్థయే 1964లో సిస్టమ్/360 యంత్రములను ప్రకటించినది. వాటికి 1966లో డిస్కుపై నుండు ఆపరేటింగ్ సిస్టములు వచ్చినవి. సిస్టము ఉండు డిస్కును ‘సిస్టము నివాసము’ అను అర్థము వచ్చు పేరుతో వ్యవహరించెడివారు. ఆ డిస్కులను డ్రైవునుండి ఊడదీయు వీలుండెడిది. ఒక డ్రైవులో సిస్టము కదలక కూర్చుండగా, ప్రక్క డ్రైవులో ఉదయము జీతముల డిస్కును, సాయంకాలము సరకుల డిస్కును పెట్టుకొనవచ్చును. వేరు డ్రైవు అను అలవాటునకు ఇది ఒక తొలి రూపము.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమును సృష్టించిన డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్‌లు 1974లో ప్రకటించిన వ్యాసమున తమ యంత్రములోని డిస్కులను వర్ణించిరి. మూల డైరెక్టరీ 10 లక్షల అక్షరములు పట్టు చిన్న డిస్కుపై ఉన్నది. వాడువారి ఫైళ్లు 4 కోట్ల అక్షరములు పట్టు పెద్ద డిస్కుపై ఉన్నవి. చిన్నదానిలో ప్రతి వలయమునకు ఒక చదువు శిరస్సు స్థిరముగా ఉండుటచే అది వేగము గలది, కాని ప్రియమైనది. పెద్దదానిలో శిరస్సు కదలుచు వెదకవలెను. అది నిదానము, కాని చవుక. వేగముగల చిన్న డిస్కు సిస్టమునకు, నిదానమైన పెద్ద డిస్కు పనికి అను ఈ పంపకమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. ఇది మరల రానున్నది.

‘సి’ అను అక్షరము కథ

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునకు రెండు ఫ్లాపీ డ్రైవులు అమర్చుకొను వీలుండెడిది. ‘ఏ’ డ్రైవులో డాస్ అను ఆపరేటింగ్ సిస్టము, ‘బి’ డ్రైవులో మన పని. 1983లో వచ్చిన ఎక్స్.టి. నమూనాలో 10 మెగాబైట్ల హార్డు డిస్కు చేరినది. ఏ, బి అక్షరములు ఫ్లాపీలకు పోయినవి గనుక దీనికి ‘సి’ దక్కినది. ఫ్లాపీలు అంతరించినను విండోస్ నేటికిని సి డ్రైవులోనే కాపురముండుటకు కారణమిదియే.

అంతవరకు వేరుగానున్న సిస్టమును పనియు ఈ హార్డు డిస్కుపై ఒక్క కప్పు క్రిందికి చేరినవి. తరువాత డిస్కులు పెరిగినవి. కాని ఆనాటి డాస్ ఒక విభాగమున 32 మెగాబైట్లకు మించి గుర్తింపలేదు. అందుచే 1987లో వచ్చిన 3.3వ కూర్పు ఒకే డిస్కును సి, డి, ఇ అని పెక్కు విభాగములుగా కోసికొను వీలు కల్పించినది. విండోస్ 95 తొలి కూర్పునకు ఆ హద్దు 2 గిగాబైట్లు. ఇట్లు డిస్కును విభజించుట మొదట ముందుచూపుచే కాక, గత్యంతరము లేక వచ్చినది.

సైబరాబాదు బల్లలపై

1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. మైక్రోసాఫ్టు తన భారత అభివృద్ధి కేంద్రమును హైదరాబాదున నెలకొల్పినదియు ఆ యేడే. ఆ భవనములలో ఉద్యోగము కోరి అమీర్‌పేట శిక్షణాలయములలో చేరిన యువకులెందరో. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో విడిభాగములు కొని కూర్పించిన యంత్రములే పెక్కుమందికి తొలి కంప్యూటర్లు. ‘సి లో విండోస్, డి లో మీ ఫైళ్లు’ అనునది అట్టి యంత్రములతో పాటు వచ్చెడి ఉపదేశము. విండోస్ చెడినప్పుడు సి ని తుడిచి మరల వేసెడివారు, డి చెక్కుచెదరదు. ఆ మేరకు ఉపదేశము మంచిదే.

అయితే అందు ఒక భ్రమ దాగియున్నది. సి, డి అనునవి రెండు పేర్లే గాని రెండు డిస్కులు కావు. నిమిషమునకు 7,200 సారులు తిరుగు డిస్కు ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకండ్లు తీసికొనును. కావలసిన చోటు శిరస్సు క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, అనగా సుమారు 4.2 మిల్లీసెకండ్లు పట్టును. శిరస్సును మోయు చేయి సరియైన వలయమునకు చేరుటకు మరి 8, 9 మిల్లీసెకండ్లు. వెరసి ఒక్కొక్క వెదుకులాటకు 12, 13 మిల్లీసెకండ్లు; సెకనుకు 80 వెదుకులాటలు. ఒకే డిస్కుపై సిస్టము ఒక కొసన, పని వేరొక కొసన ఉన్నచో ఒకే చేయి రెండిటి మధ్య పరుగులెత్తవలెను. రెండు డిస్కులున్నచో రెండు చేతులు ఏకకాలమున పనిచేయును. వేగము కోరువారికి గోడ చాలదు, రెండవ ఇల్లే కావలెను.

భద్రత మాట కూడ ఇంతే. డిస్కు మోటారు చెడినచో సి తో పాటు డి కూడ పోవును. గాదెకు అడ్డుగోడ కట్టినంతమాత్రాన ఇల్లు కూలినప్పుడు ధాన్యము దక్కదు గదా!

పాత పంపకము మరల వచ్చినది

1987లో జపానుదేశపు తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా బృందము నాండ్ ఫ్లాషు జ్ఞాపకమును ప్రకటించినది. దానితో నిర్మింపబడునదే నేటి ఎస్.ఎస్.డి. ఇందు తిరుగు పళ్లెరము లేదు, పరుగెత్తు చేయి లేదు. ఏ చోటనైనను మిల్లీసెకనులో పదవ వంతు లోపుననే వెదకగలదు. విండోస్ లేచునప్పుడు వేలకొలది చిన్న చిన్న భాగములను చదువవలెను గనుక, ఈ లాభమంతయు సిస్టమునకే ముందుగా కనబడును. తొలిదినములలో ఎస్.ఎస్.డి. చిన్నది, ప్రియమైనది. కావున చిన్న ఎస్.ఎస్.డి. సిస్టమునకు, పెద్ద హార్డు డిస్కు ఫైళ్లకు అను పద్ధతి వాడుకలోనికి వచ్చినది. 1974 నాటి యూనిక్స్ యంత్రపు పంపకమే ఇది.

అయినను వేరు డ్రైవు సర్వరోగ నివారిణి కాదు. 2017 మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము 150కి పైగా దేశములలో వ్యాపించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు సైతము దాని వాత పడినవి. అది విండోస్‌ను బ్రతుకనిచ్చి, వాడువారి ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు డబ్బు అడిగినది. యంత్రమునకు తగిలించియున్న ఇతర డ్రైవులలోని ఫైళ్లను గూడ అది వదలలేదు. 2024లో కప్పు కూలినది, ధాన్యము మిగిలినది. 2017లో కప్పు నిలిచినది, ధాన్యము పోయినది. అది చొరబడిన సందును మూయు సవరణను మైక్రోసాఫ్టు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసినది. సవరణ వేసికొననివారే ఎక్కువగా నష్టపోయిరి.

నేడు ఎట్లు ఎన్నుకొనవలెను?

పెద్ద సంస్థలు ఈ వివేకమును విడువలేదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున తన డేటా కేంద్రముల సమూహమును ప్రారంభించినది. అట్టి చోట అద్దెకు తీసికొను కంప్యూటరునకు సిస్టముండు డిస్కు వేరు, డేటా డిస్కు వేరుగా పెట్టుకొనవచ్చును. యంత్రమును రద్దుచేసినప్పుడు సామాన్యముగా మొదటిది దానితో పాటు చెరిగిపోవును. రెండవదానిని నిలుపుకొని వేరొక యంత్రమునకు తగిలించుకొనవచ్చును.

ఇంటిలో ఒక్క ఎస్.ఎస్.డి. మాత్రమే ఉన్నవారు చింతింపనక్కరలేదు. వేగము కొరకు నేడు రెండవది అంతగా అవసరము లేదు. రెండు డ్రైవులు పెట్టగలవారు వేగవంతమైన దానిని సిస్టమునకు ఈయవలెను. విండోస్ 11 కనీసము 64 గిగాబైట్లు కోరును. ప్రోగ్రాములు, సవరణలు చేరును గనుక 250 గిగాబైట్లకు తగ్గకుండుట మేలు. పిదప ఒక ముఖ్యమైన పని కలదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అను ఫోల్డర్లు మొదటినుండి సి డ్రైవులోనే ఉండును. వాటిని మార్చనిచో, రెండవ డ్రైవు ఖాళీగా ఉండగా ఫైళ్లన్నియు సిస్టముతోనే చేరును. ‘డి లో ఉన్నవి’ అని నమ్మి సి ని తుడిచినచో పని అంతయు క్షణములో పోవును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. సిస్టము మార్చుకొనుచున్న ఇండ్లు అనేకములు గనుక ఈ హెచ్చరిక ఇప్పుడు మిక్కిలి అవసరము.

అన్నిటికంటె ముఖ్యము, యంత్రమునకు తగిలించి ఉంచని ప్రతి ఒకటి. వారమునకొకసారి బయటి డిస్కుపై ఫైళ్లను ఎక్కించి, తీగ ఊడదీసి, బీరువాలో పెట్టుకొనవలెను. వానాక్రై వంటిది అచ్చటికి చేరలేదు.

శంషాబాదులో ఆనాడు కలమును కాగితమును ప్రయాణమును సాగించినవి. యంత్రము లేవకపోయినను పని ఆగకుండుటకు, యంత్రముతో సంబంధము లేని సాధనమొకటి చేతిలో ఉండుటయే కారణము. మన ఫైళ్ల విషయమునను ఇంతే. వేరు డ్రైవు సిస్టము చెడినప్పుడు ఆదుకొనును. డ్రైవే చెడినప్పుడు ఆదుకొనునది బీరువాలోని ప్రతి మాత్రమే.