జులు ఊరేగింపు (న్యూ ఆర్లీన్స్)

జులు ఊరేగింపు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని లూసియానా రాష్ట్రానికి చెందిన న్యూ ఆర్లీన్స్ నగరంలో ఏటా మార్డీ గ్రా పండుగనాడు జరిగే ఊరేగింపు. క్రైస్తవుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందురోజైన మంగళవారమే మార్డీ గ్రా. జులు సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్ అనే నల్లజాతీయుల పరస్పర సహాయ సంఘం దీనిని నిర్వహిస్తుంది.

సంఘం పుట్టుక

20వ శతాబ్దం తొలినాళ్ళలో ఈ నగరంలోని నల్లజాతీయులు పేటలవారీగా సహాయ సంఘాలు ఏర్పాటు చేసుకొనేవారు. సభ్యులు చెల్లించే చిన్న చందాలతో జబ్బుపడినవారికి ఆర్థిక సహాయం, మరణించినవారికి అంత్యక్రియల ఖర్చు సమకూరేవి. జులు సంఘం కూడా ఈ కోవకు చెందినదే. దీనికి మూలం "ట్రాంప్స్" (దేశదిమ్మరులు) అనే కూలీల బృందం. వీరు పితియన్ టెంపుల్ నాటకశాలలో జులు తెగను గూర్చిన హాస్య ప్రదర్శనను చూసి ఆ పేరు స్వీకరించారని సంఘం చెప్పుకొనే కథనం. 1909లో జులు పేరుతో మొదటిసారి ఊరేగారు. 1916 సెప్టెంబరు 20న సంఘం చట్టబద్ధంగా నమోదయింది.

వ్యంగ్య స్వరూపం

నగరంలోని శ్వేతజాతి సంపన్నులు 1872 నుండి "రెక్స్" (రాజు) పేరుతో వైభవంగా ఊరేగేవారు. జులు ఊరేగింపు ఆ ఆడంబరానికి వెక్కిరింతగా రూపొందినది. తొలి రాజు విలియం స్టోరీ ధరించినది కొవ్వు డబ్బా రేకు కిరీటం. చేతిలోని రాజదండం అరటి గెల కాడ. రెక్స్ మిసిసిపీ నదిపై ఓడలో విచ్చేయగా, జులు రాజు కాలువలో చిన్న పడవపై వచ్చేవాడు. 1915లో బండిపై సరుకుల పెట్టెలు పేర్చి మొదటి శకటాన్ని తయారుచేశారు.

జాతి వివక్ష అమలులో ఉన్న ఆ రోజులలో ఈ ఊరేగింపు నల్లజాతీయుల పేటల వీధులలోనే, మద్యశాలల వద్ద ఆగుతూ సాగేది. 1960ల చివరలో సెయింట్ చార్లెస్ అవెన్యూ, కెనాల్ స్ట్రీట్ అనే ప్రధాన వీధులలో ఊరేగే అవకాశం లభించింది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్

ఈ నగరంలోనే పుట్టిపెరిగిన ప్రఖ్యాత జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1949లో జులు రాజుగా ఊరేగాడు. ఆ సందర్భంగా "టైం" పత్రిక ఆయన చిత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించింది. అయితే ముఖానికి నల్లరంగు, కళ్ళచుట్టూ తెల్లరంగు పూసుకొని, గడ్డి లంగా ధరించిన ఆ వేషాన్ని పలువురు నల్లజాతీయులు నిరసించారు.

వివాదం

పౌరహక్కుల ఉద్యమకాలంలో ఈ విమర్శ తీవ్రమైంది. ఈ వేషం తమ జాతిని అనాగరికులుగా చూపుతున్నదని ఆక్షేపిస్తూ, 1961లో ఊరేగింపును బహిష్కరించాలని పిలుపునిచ్చారు. ఊరేగింపు పోలీసు రక్షణలో సాగింది. సభ్యుల సంఖ్య సుమారు 16కు పడిపోయింది. తరువాతి కాలంలో సంఘం కోలుకొని, 1970లలో ఇతర జాతులవారిని కూడా చేర్చుకున్నది. 2019లో ముఖానికి నల్లరంగు పూయడంపై మళ్ళీ నిరసన తలెత్తినపుడు, నల్లజాతీయులను హేళన చేసిన పూర్వపు శ్వేతజాతి నటుల వేషంతో దీనిని పోల్చరాదని సంఘం సమాధానమిచ్చింది.

కొబ్బరికాయలు

రంగులు వేసి అలంకరించిన కొబ్బరికాయలను ప్రేక్షకులకు పంచడం ఈ ఊరేగింపు ప్రత్యేకత. ప్రజలు వీటిని ఎంతో విలువైన కానుకగా భద్రపరచుకొంటారు. పూర్వం వీటిని శకటాలపైనుండి విసిరేవారు. దెబ్బతిన్నవారు దావాలు వేయడంతో 1987లో సంఘానికి బీమా దొరకలేదు. చేతికి అందించిన కాయల విషయంలో సంఘానికి రక్షణ కల్పిస్తూ ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది. నాటినుండి కాయలను విసరక చేతికే అందిస్తున్నారు.

తరువాతి పరిణామాలు

2005 ఆగస్టులో కత్రినా తుఫాను వల్ల నగరంలో అధికభాగం ముంపునకు గురై, సభ్యులలో అనేకులు నిరాశ్రయులయ్యారు. అయినను 2006 ఫిబ్రవరి 28న జులు ఊరేగింపు జరిగింది. కోవిడ్ కారణంగా 2021లో నగరంలోని ఊరేగింపులన్నీ రద్దయ్యాయి. జులు 2022లో తిరిగి వీధులకెక్కింది.