ముప్పై మూడేళ్లు ఆగిన పాటలు

లండన్ బ్యాండ్ వైర్ 2013 మార్చిలో 'చేంజ్ బికమ్స్ అస్' విడుదల చేసింది. అందులో 13 పాటలు. వాటి మూలాలు వెతికితే 1979, 80లకు వెళ్లాలి.

1976లో మొదలైన వైర్, మరుసటి ఏడే 'పింక్ ఫ్లాగ్'లో 21 పాటలు కుదించి పాడేసింది. చెప్పాల్సింది అయిపోతే పాటా అయిపోయినట్టే. 'చెయిర్స్ మిస్సింగ్', '154' ఆల్బమ్‌లలో సింథసైజర్లు చేరాయి, పంక్ గీసుకున్న గీతలు చెరిగాయి. ఆ తర్వాత రికార్డు సంస్థ ఈఎంఐతో బంధం తెగిపోయింది. చేతిలో కొత్త పాటలున్నాయి, రికార్డు చేసే దారి లేదు.

వాటిని 1980 ఫిబ్రవరి 29న కామ్‌డెన్‌లోని ఎలక్ట్రిక్ బాల్‌రూమ్ వేదిక ఎక్కించారు. తలలకు వార్తాపత్రికలతో చేసిన టోపీలు, సుత్తి దెబ్బలు తింటున్న గ్యాస్ పొయ్యి. తెలిసిన పాటల కోసం వచ్చిన జనం కేకలు వేశారు. ఆ గోలతో సహా ఆ రాత్రి 1981లో 'డాక్యుమెంట్ అండ్ ఐవిట్‌నెస్' రికార్డుగా వచ్చింది. అప్పటికే బ్యాండ్ విడిపోయింది.

మళ్లీ కలిసి, మళ్లీ విడిపోయి, మళ్లీ కలిశాక, వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో ఆ 1980 నాటి పాటల చిత్తుప్రతులను తెరిచారు. కోలిన్ న్యూమన్, గ్రాహం లూయిస్, రాబర్ట్ గ్రే పాతవాళ్లు. గిటారిస్ట్ బ్రూస్ గిల్బర్ట్ ఎప్పుడో తప్పుకున్నాడు. గిటార్ మాథ్యూ సిమ్స్ చేతికి వచ్చింది. పాతదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి వాయించడం వాళ్ల ఉద్దేశం కాదు. పనికొచ్చే ముక్క ఉంచి, మిగతాది కొత్తగా కట్టారు. 'ఆలీ ఇన్ ఎగ్జైల్' కాస్తా 'డబుల్స్ అండ్ ట్రెబుల్స్' అయింది. కాగితం టోపీల నాటి 'జెగ్క్ హొక్ప్' గందరగోళం 'రీ-ఇన్వెంట్ యువర్ సెకండ్ వీల్' పేరుతో నెమ్మదైన, చక్కటి బాణీగా తేలింది.

పేరున్న పాత బ్యాండ్‌కి తన హిట్లే మళ్లీ పాడుకుంటూ బతకడం తేలిక. వైర్ తన హిట్లను కాదు, జనం తిప్పికొట్టిన పాటలను ఎంచుకుంది. వాటిలో సత్తా ఉందన్న నమ్మకాన్ని ముప్పై మూడేళ్లకు రుజువు చేసింది. 1981 రికార్డు ముందు విని, వెంటనే 'చేంజ్ బికమ్స్ అస్' వినండి: వయసు మీద పడ్డ కళాకారులు సొంత గతంతో ఎంత ధైర్యంగా పనిచేయవచ్చో తెలుస్తుంది.