చీనా భాషా స్వరూపము - ఆంధ్ర నామముల సాక్ష్యము

హైదరాబాదు నగరమందలి అమీర్‌పేట, పంజాగుట్ట అను పేరులను విడదీసి చూచినచో ఒక భాషాచరిత్రాంశము స్ఫురించును. 'అమీరు' అరబ్బీ పదము. 'పంజా' పారసీక పదము. 'పేట', 'గుట్ట' అనునవి తెలుగు మాటలు. పరభాషాపదమును ధ్వనిని బట్టి గ్రహించి, అది యెట్టి స్థలమో తెలుపు స్వభాషాపదమును దానికి చేర్చుట ఈ నామముల నిర్మాణరీతి. 7వ శతాబ్దిలో మన దేశమును దర్శించిన చీనా యాత్రికుడు హుయాన్‌త్సాంగు ఆంధ్రదేశనామమును వ్రాసినపుడును ఈ రీతినే అనుసరించెను. నేటి ఉచ్చారణలో అది 'అన్-తా-లువో-కువో'. మొదటి మూడక్షరములు 'ఆంధ్ర' శబ్దమునకు అనుకరణము. 'కువో' అనగా దేశము.

ఈ యాత్రికుడు 645లో స్వదేశమును చేరెను. మరుసటి యేడు ఆతని యాత్రాగ్రంథము 12 సంపుటములుగా పూర్తియైనది. ఆంధ్రచరిత్ర పరిశోధకులు దానిని తరచుగా ఉదాహరింతురు. కాని వారిలో పెక్కుమందికి ఆధారము 1884లో వెలువడిన శామ్యూల్ బీల్ ఆంగ్లానువాదమో, 1904-05లలో వెలువడిన థామస్ వాటర్స్ వ్యాఖ్యానమో అగుచున్నది. రోమను లిపిలోని ఆ రూపములను చూచి స్థలనిర్ణయము చేయుటకు ముందు చీనా భాషయొక్క మూలలక్షణములు కొన్ని తెలిసియుండుట అవసరము.

చీనా లిపిలో మనకువలె వర్ణమాల లేదు. ఒక్కొక్క లిపిచిహ్నము ఒక్కొక్క అక్షరోచ్చారణను, సాధారణముగ ఒక అర్థమును కూడ తెలుపును. పెక్కు చిహ్నములు రెండంశముల కూడికలు: 'తల్లి' అను చిహ్నమున ఒక భాగము స్త్రీని, మరియొక భాగము 'మా' అను ధ్వనిని సూచించును. ఆ రెండవ భాగమునకు విడిగా 'గుఱ్ఱము' అని అర్థము. ఇచ్చట అది ధ్వనికొఱకే వచ్చినది. పరదేశనామములను వ్రాయునపుడును అర్థము నిట్లే విడిచిపెట్టుదురు. 'అన్' అనగా బల్ల, 'తా' అనగా చేరుట, 'లువో' అనగా వల. వీనినిబట్టి ఆంధ్రశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పబూనుట ఎంత అసంగతమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఉచ్చారణమున రెండు విషయములు ముఖ్యములు. మొదటిది స్వరము. 'మా' అను ధ్వని సమస్వరమున తల్లి, ఆరోహణమున నారమొక్క, దిగి యెక్కు స్వరమున గుఱ్ఱము, అవరోహణమున తిట్టుట అగును. తెలుగున 'పలు', 'పాలు' అనువానిని హ్రస్వదీర్ఘములు వేరుచేయునట్లు, అచ్చట కంఠస్వరపు ఎత్తుపల్లములు అర్థమును వేరుచేయును. రెండవది ప్రాణభేదము. నేటి ప్రామాణిక భాషలో గ, ద, బ అను నాదస్పర్శములు లేవు. క-ఖ, త-థ, ప-ఫ అను అల్పప్రాణ మహాప్రాణ భేదమే కలదు. 1958లో ఆమోదము పొందిన రోమను లేఖనపద్ధతిలో అల్పప్రాణములను నాదముల గుర్తులతో వ్రాయుదురు. అందుచేతనే మనము 'బీజింగ్' అనుచున్నాము. అచ్చటి ఉచ్చారణము 'పెయ్‌చింగ్' అనుటకు దగ్గర. ఈ భేదమును చూపుటకు రోమను లిపికన్న తెలుగు లిపి అనుకూలమైనది.

వ్యాకరణమున విభక్తులు లేవు, క్రియకు పురుషవచన భేదములు లేవు. 'వో ఖాన్ థా' అనగా 'నేను అతనిని చూతును'. 'థా ఖాన్ వో' అనగా 'అతడు నన్ను చూచును'. పదములు మారలేదు, స్థానమే మారినది. తెలుగున 'నన్ను అతడు చూచెను' అన్నను, 'అతడు నన్ను చూచెను' అన్నను అర్థమొకటే. మనకు విభక్తి చేయు పనిని వారికి పదక్రమము చేయును.

ఇక చరిత్రకారుడు మరువరాని విషయము కాలభేదము. ధాన్యకటకనామము నేటి ఉచ్చారణలో 'థువో-నా-చియె-చ-చియా' అగును. దీనిని విని మన నామమును గుర్తించుట కష్టము. భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించిన ప్రాచీనోచ్చారణ ప్రకారము ఇది ఇంచుమించుగ 'ద-న-కత్-టక్-క'. తరువాతి కాలమున ఉత్తరప్రాంతమున కొన్ని కకారములు చకారములైనవి. అక్షరాంతమందలి క, త, ప లు లోపించినవి. కాంటను ప్రాంతపు భాషలో ఆ అంత్యహల్లులు నేటికిని నిలిచియున్నవి.

ఈ పునర్నిర్మాణమునుండి ఒక విశేషము తేలుచున్నది. అమరావతి ప్రాకృతశాసనములలో ఈ నామము 'ధంఞకడ' అని కలదు. యాత్రికుని లేఖనమున టకారము, తుది కకారము నిలిచియున్నవి. అనగా ఆతడు గ్రహించినది ప్రాకృతరూపము కాదు, సంస్కృతరూపము. విహారములలోని పండితులే ఆతనికి ఈ పేరు చెప్పిరని ఊహింపవచ్చును. కావున ఈ లేఖనమును నాటి జనవ్యవహారమునకు సాక్ష్యముగ గ్రహింపరాదు. ఆంధ్రుల భాష మధ్యదేశభాషకన్న భిన్నమనియు, లిపిపద్ధతి మాత్రము చాలవరకు సమానమనియు ఆతడే వేరుగ వ్రాసియుండెను. అప్పటికే రేనాటి చోళులు తెలుగున శాసనములు వేయించియుండిరి.

ధ్వన్యనుకరణము కాక అర్థానువాదమను రెండవ మార్గము కూడ కలదు. పంజాగుట్టలోని ఒక కూడలికి 'నాగార్జున' అను పేరు కలదు. ఆచార్య నాగార్జునుని పేరును 401లో ఛాంగాన్ చేరిన కుమారజీవుడు 'లుంగ్-షూ' అని అనువదించెను: నాగ-వృక్షము. అర్జునమనగా మద్దిచెట్టు గదా! హుయాన్‌త్సాంగు దీనిని తప్పని, 'లుంగ్-మెంగ్', అనగా నాగ-వీరుడు, అని మార్చెను. చీనాలో పూర్వానువాదమే వ్యాప్తిని పొందినది. ఒక్క ఆచార్యునే ఇద్దరుగా భ్రమింపకుండుటకు పరిశోధకు డీ రెండు నామములను ఎరుగవలెను.

చీనా గ్రంథములందలి నామము ఎదురైనపుడు అది ధ్వనియా, అర్థమా, ఏ కాలపు ఉచ్చారణ, ఎవరి నోట విన్నది అను నాలుగు ప్రశ్నలను వరుసగ వేసికొనవలెను. వీనికి సమాధానము దొరకిన పిమ్మటనే స్థలనిర్ణయమునకు పూనుకొనుట యుక్తము.