వైర్‌లెస్ నియంత్రణ వ్యవస్థల్లో ప్రసార పవర్ నిర్వహణ

ట్యాంకులో నీటిమట్టాన్నో, బాయిలర్‌లో ఒత్తిడినో కొలిచే సెన్సర్ తన రీడింగును తీగ లేకుండా రేడియో ద్వారా పంపుతుంది. దాన్ని అందుకున్న కంట్రోలర్ వాల్వునో మోటారునో కదిలిస్తుంది. ఇలా పనిచేసేదే వైర్‌లెస్ నియంత్రణ వ్యవస్థ. ఇందులో ఒక్కో ప్యాకెట్‌ను ఎంత పవర్‌తో పంపాలి, అసలు పంపాలా వద్దా అని తేల్చే పద్ధతిని ప్రసార పవర్ నిర్వహణ అంటారు. సెల్‌ఫోన్లలోనూ పవర్‌ను సర్దుతారు గాని, అక్కడ కావలసింది మాట తెగకుండా అందడం. ఇక్కడ కావలసింది యంత్రం అదుపులో ఉండడం. ఈ రంగంలో చెప్పుకోదగ్గ ఫలితాలన్నీ ఈ తేడా నుంచే పుట్టాయి.

వాడుకలో

రసాయన కర్మాగారాలు, చమురు శుద్ధి కేంద్రాల్లో ఈ వ్యవస్థలకు రెండు ప్రమాణాలు ప్రధానం. 2007లో ఆమోదం పొందిన వైర్‌లెస్‌హార్ట్ 2010లో ఐఈసీ 62591గా అంతర్జాతీయ ప్రమాణమైంది. ఐఎస్ఏ100.11ఏ 2009లో వచ్చింది. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో, ఐఈఈఈ 802.15.4 తరహా రేడియోలతోనే నడుస్తాయి. వైర్‌లెస్‌హార్ట్‌లో కాలాన్ని 10 మిల్లీసెకన్ల స్లాట్లుగా విడగొట్టి, స్లాటు స్లాటుకూ ఛానల్ మారుస్తారు. పరికరాల్లో ఎక్కువగా లిథియం బ్యాటరీలు వాడతారు. పేలుడు ప్రమాదం ఉన్న చోట, ఎత్తయిన పైపుల మీద బిగించిన సెన్సర్‌కు బ్యాటరీ మార్చాలంటే అనుమతి పత్రంతో పాటు మనిషి, నిచ్చెన, సమయం అన్నీ కావాలి. అందుకే ఒక్క బ్యాటరీ ఏళ్ల తరబడి నిలవాలని కోరుకుంటారు.

పవర్ తగ్గితే ఎంత మిగులుతుంది

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. ఇనుప ట్యాంకులకు, పైపులకు తగిలి వెనక్కి వచ్చిన తరంగాలు నేరుగా వచ్చిన తరంగంతో కలిసి, ఒక చోట సిగ్నల్‌ను బలపరిస్తే కొన్ని సెంటీమీటర్ల పక్కనే దాదాపు చంపేస్తాయి. దీన్నే ఫేడింగ్ అంటారు. మధ్యలోంచి ఒక ఫోర్క్‌లిఫ్ట్ వెళ్లినా లెక్క మారిపోతుంది. సిగ్నల్ బలహీనపడితే ప్యాకెట్లు పోతాయి. పవర్ పెంచితే అందే అవకాశం పెరుగుతుంది గాని, బ్యాటరీ తొందరగా అయిపోతుంది, పక్క రేడియోలకూ అడ్డు తగులుతుంది.

పవర్ తగ్గించినంత మేరా బ్యాటరీ మిగులుతుందనుకోవడం మాత్రం పొరపాటు. పరిశోధకులు విస్తారంగా వాడిన సీసీ2420 రేడియో చిప్‌నే చూడండి. యాంటెన్నాకు 1 మిల్లీవాట్, అంటే 0 డీబీఎం ఇస్తున్నప్పుడు అది 17.4 మిల్లీఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. మైనస్ 25 డీబీఎంకు దించితే బయటికి వెళ్లే పవర్ 300 రెట్లకు పైగా పడిపోతుంది, కరెంటు మాత్రం 8.5 మిల్లీఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. ఆసిలేటరు, తక్కిన సర్క్యూట్లు తమ వాటా ఎలాగూ తీసుకుంటాయి. సిగ్నల్ కోసం చెవి ఒగ్గి కూర్చున్నా దాదాపు 19 మిల్లీఆంపియర్లు పోతాయి. అంటే గొంతు తగ్గించి మాట్లాడడం కన్నా అవసరం లేనప్పుడు రేడియోను పూర్తిగా నిద్రపుచ్చడంలోనే అసలు పొదుపు ఉంది. ఎంత పవర్ అన్న ప్రశ్న కన్నా ముందు ఎప్పుడు పంపాలన్న ప్రశ్న వేసుకోవలసింది ఇందుకే.

సెల్‌ఫోన్ల వారసత్వం

అందరూ ఒకే బ్యాండును ఒకేసారి పంచుకునే సీడీఎంఏ ఫోన్లలో, టవరు పక్కనున్న ఫోను దూరపు ఫోన్లను ముంచేయకుండా ఐఎస్-95 ప్రమాణం సెకనుకు 800 సార్లు పవర్‌ను సర్దేది. 1993లో ఫోషినీ, మిల్యానిచ్ ఒక సరళ సూత్రం ఇచ్చారు: ప్రతి రేడియో తనకు కావలసిన సిగ్నల్ నాణ్యతను, అందుతున్న నాణ్యతతో భాగించి, ఆ నిష్పత్తితో తన పవర్‌ను గుణించుకుంటే చాలు. అందరి అవసరాలూ ఒకేసారి తీరే వీలుంటే, పెద్ద దిక్కు ఎవరూ లేకుండానే అందరూ సరైన చోటికి చేరతారు. వీలు లేకపోతే పోటీపడి పవర్ పెంచుకుంటూ పోతారు. ఈ సూత్రానికి యంత్రం స్థితి ఏమిటో తెలియదు.

ఎన్ని ప్యాకెట్లు పోవచ్చు

యంత్రం అదుపు తప్పకుండా ఎన్ని ప్యాకెట్లు పోవచ్చన్న ప్రశ్నకు 2004లో సినోపోలి, శంకర్ శాస్త్రి తదితరులు గట్టి జవాబు ఇచ్చారు. కొలతలు అందకపోతే కంట్రోలర్ అంచనాలోని దోషం ఒక్కో అడుగులో 1.25 రెట్లు పెరిగే అస్థిర వ్యవస్థ ఒకటి ఉందనుకుందాం. దోషం వర్గం 1.5625 రెట్లు పెరుగుతుంది. ప్యాకెట్ అందిన అడుగులో దోషం మళ్లీ చిన్నదవుతుంది. ప్యాకెట్ తప్పిపోయే సంభావ్యతను 1.5625తో గుణిస్తే 1 కన్నా తక్కువ రావాలి. అంటే నూటికి సగటున 64 కన్నా తక్కువ పోవాలి. అడుగడుగుకూ దోషం రెట్టింపయ్యే వ్యవస్థలో ఆ హద్దు 25. హద్దు దాటితే సగటు దోషానికి అంతు ఉండదు, ఎంత తెలివైన కంట్రోలర్ ఉన్నా దాన్ని ఆపలేదు. నిదానంగా కదిలే నీటి ట్యాంకుకూ, నిటారుగా నిలబెట్టిన లోలకానికీ ఒకే నష్టశాతం విధించడంలో అర్థం లేదని ఈ ఒక్క లెక్కతోనే తేలుతుంది.

ఛానల్ ఒక కన్ను, దోషం ఒక కన్ను

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన గాట్సిస్, రిబేరో, పప్పాస్ 2014లో ప్రచురించిన పరిశోధన ఈ రంగానికి మూలస్తంభం. తాము పెట్టుకున్న నియమాల పరిధిలో వారు రెండు విషయాలు చూపారు. యంత్రాన్ని నడిపే సూత్రం మారనక్కర్లేదు, పాత పద్ధతి కంట్రోలరే చాలు. పవర్ నిర్ణయానికి మాత్రం ఛానల్ నాణ్యతనూ, కంట్రోలర్ అంచనాకూ వాస్తవానికీ ఉన్న తేడానూ కలిపి చూడాలి. తేడా చిన్నదైతే సెన్సర్ మౌనంగా ఉంటుంది. పెరిగేకొద్దీ ఎక్కువ పవర్ ఖర్చుపెడుతుంది. ఛానల్ బాగోలేనప్పుడు, తేడా ఇంకా భరించదగ్గదైతే, మంచి ఛానల్ వచ్చేదాకా ఆగుతుంది. ఫోన్ల పద్ధతి ప్యాకెట్లన్నిటికీ ఒకే విలువ కడుతుంది, ఇది మాత్రం ప్రతి ప్యాకెట్‌నూ అది తెచ్చే ఉపయోగంతో తూస్తుంది. నా దృష్టిలో అసలైన ముందడుగు ఇదే.

ఆచరణలో చిక్కులు

కంట్రోలర్ దగ్గరున్న అంచనా ఏమిటో సెన్సర్‌కు తెలియాలంటే, అదే లెక్కను సెన్సర్ తనలోనూ నడుపుకోవాలి. ప్యాకెట్ చేరిందని కంట్రోలర్ ఇచ్చే రసీదుతో రెండు లెక్కలూ కలిసి సాగుతాయి. రసీదే దారిలో పోతే రెండూ వేరుపడతాయి. ఛానల్ నాణ్యతను అందిన రసీదు బలాన్ని బట్టి ఊహించవచ్చు గాని, తర్వాతి స్లాటులో ఛానల్ మారిపోతుంది కాబట్టి ఆ ఊహ పాతబడుతుంది. చిప్‌లో పవర్‌ను సన్నసన్నగా సర్దే వీలూ ఉండదు, కొన్ని మెట్లే ఉంటాయి. అన్నిటికన్నా సున్నితమైన చిక్కు మౌనంతోనే వస్తుంది. సెన్సర్ పంపనవసరం లేక ఊరుకుందా, పాడైందా, ఎవరైనా కావాలని రేడియోను అడ్డుకుంటున్నారా అన్నది కంట్రోలర్‌కు తెలియదు. అందుకే వైర్‌లెస్‌హార్ట్ భాగంగా ఉన్న హార్ట్ 7 ప్రమాణంలో కొలత నిర్ణీత హద్దు దాటి మారినప్పుడు వెంటవెంటనే పంపే ఏర్పాటుతో పాటు, ఏ మార్పూ లేకపోయినా ఫలానా గడువు లోపల ఒక్కసారైనా పంపి తీరాలన్న నియమం కూడా ఉంది.