కళ్ళు తిరగడం వెనుక పార్శ్వపు నొప్పి

1976లో మొదలైన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారక ముందే జెట్టీ మీద వేలం మొదలవుతుంది. నిద్ర చాలని కళ్ళ మీద లైట్ల వెలుగు, డీజిల్ పొగ, వేలం కేకలు. చాలామంది కడుపులో టీ చుక్క తప్ప ఏమీ ఉండదు. పార్శ్వపు నొప్పిని రేపేవి సరిగ్గా ఇవే. అక్కడ ఎవరికైనా కళ్ళు తిరిగితే "పైత్యం చేసినట్టుంది, సోడా తాగి కాసేపు కూకో" అంటారు. తల నొప్పి లేనప్పుడు పార్శ్వపు నొప్పి సంగతి ఎవరికి తడుతుంది?

తల తిరగడానికీ పార్శ్వపు నొప్పికీ ముడి ఉందని మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడికి తట్టింది. తన సంహితలోని ఉత్తరతంత్రంలో అర్ధావభేదకం, అంటే పార్శ్వపు నొప్పి లక్షణాలు చెబుతూ సగం తలలో పోట్లతోపాటు భ్రమనూ, అంటే తల తిరగడాన్నీ చేర్చాడు. పక్షానికో, పది రోజులకో, ఉన్నట్టుండో వస్తుందన్నాడు.

పాశ్చాత్య వైద్యం ఈ ముడి విప్పడానికి చాలా కాలం పట్టింది. తల తిరిగితే మెదడుకు రక్తం పోటెత్తిందని రక్తం తీసేస్తున్న రోజుల్లో, 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్ ఆ జబ్బు లోపలి చెవిలో ఉండొచ్చన్నాడు. పార్శ్వపు నొప్పితో సంబంధం ఉందేమోనన్న అనుమానమూ ఆయనకు కలిగింది. తర్వాత వియన్నాలో రాబర్ట్ బరానీ, చెవిలో నీళ్ళు కొట్టేటప్పుడు అవి చల్లగా ఉంటే ఒకవైపుకీ, వేడిగా ఉంటే రెండోవైపుకీ కనుగుడ్లు అదరడం గమనించాడు. 1914 నోబెల్ దక్కినప్పుడు ఆయన రష్యన్ల చేతిలో యుద్ధఖైదీ. ఇంత జరిగినా చెవి ఒక డాక్టరుకీ, తల ఇంకో డాక్టరుకీ పోయాయి. రోగి ఇద్దరి మధ్యా తిరిగాడు. నాకు బాధ కలిగించే భాగం ఇదే.

చివరికి 2012లో బరానీ పేరు మీదున్న సంఘం, అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి వెస్టిబ్యులార్ మైగ్రేన్‌కు, అంటే తల తిప్పే పార్శ్వపు నొప్పికి, కొలతలు పెట్టాయి. పార్శ్వపు నొప్పి చరిత్ర ఉండాలి. తల తిరుగుడు కనీసం 5 సార్లు రావాలి, వచ్చినప్పుడు 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా ఉండాలి. అందులో సగం సార్లయినా తలనొప్పో, వెలుతురూ శబ్దమూ రెండూ ఓర్చుకోలేకపోవడమో, కళ్ళ ముందు మెరుపు గీతలో తోడవ్వాలి. అంటే తల తిరిగేటప్పుడు తలనొప్పి లేకుండానే ఇది రావచ్చు. నిలకడ కబురు మోసే నరాలూ, తలనొప్పి మోసే నరాలూ మెదడు కాండంలో ఇరుగుపొరుగున ఉండటమే దీనికి కారణమని భావిస్తున్నారు.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. రోగి చెప్పేదే ఆధారం. పక్క మీద దొర్లినప్పుడు కొన్ని సెకన్లే తిరిగితే అది వేరే చెవి జబ్బు కావచ్చు. చెవి హోరుతో వినికిడి తగ్గితే మెనియేర్ జబ్బేమో చూడాలి.

పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకు పడవ కుదుపు మామూలువాళ్ళకన్నా తొందరగా తల తిప్పేస్తుంది. నడిసంద్రంలో వలలాగే కలాసీకి అది ప్రాణాల మీదికి రావచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో హార్బర్‌లోనే డాక్టర్లు కూర్చుని కలాసీలు చెప్పేది తీరిగ్గా వింటే బాగుంటుందని నా కోరిక. వేళకు నిద్ర, వేళకు తిండి, అవసరమైతే నివారణ మందులతో చాలామందికి నెమ్మదిస్తుంది. అయితే తల తిరుగుడుతోపాటు మాట ముద్దగా వచ్చినా, చెయ్యీకాలూ పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా అది పక్షవాతం కావచ్చు. ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.