న్యూయార్కు మంటలు - నగర గణితం

నగరాన్ని యంత్రగణితంతో చక్కదిద్దవచ్చునన్న ఆశ నేటిది కాదు. 1969లో న్యూయార్కు నగరపాలకులూ, రాండ్ సంస్థా కలిసి ఒక పరిశోధనాలయాన్ని స్థాపించినారు. అగ్నిమాపక దళాలు ఎక్కడ అవసరమో, ఎక్కడ తగ్గింపవచ్చునో కంప్యూటరు నమూనాలతో అందులో లెక్కగట్టినారు. శకటం మంటను చేరే కాలమే ఆ లెక్కలకు ప్రధానాధారం. వీధులలోని రద్దీకి తగిన స్థానం దొరకలేదు. 1972 మొదలు బ్రాంక్సు మొదలైన ప్రాంతాల పేదపేటలలో కొన్ని దళాలను ఎత్తివేసినారు. ఆ దశాబ్దంలోనే దక్షిణ బ్రాంక్సులో వీధులకు వీధులు దగ్ధమైనవి. ఇళ్ల యజమానుల ఉపేక్షా, నగర ఖజానా దుస్థితీ కూడ అందుకు కారణాలే. కాని ఆర్పేవారు తగ్గినచోట మంటకు అడ్డేమి?

నేటి కృత్రిమమేధా మహానమూనాలు పౌరుల ఫిర్యాదులను చదువగలవు, వీధుల ఛాయాచిత్రాలను పోల్చుకొనగలవు. ఐనను ఏమి కొలవవలెనో చెప్పేది పాలకులే. దళాన్ని ఎత్తివేసే ముందు ఆ వీధివారిని అడుగుట ఈనాటికీ వారి విధియే.