మగ్గం లెక్కలో రాని చేతులు

చేనేతను గూర్చి వ్రాసేవారు మగ్గాలను లెక్కిస్తారు. ఫలానా వూరిలో ఇన్ని వందల మగ్గాలున్నాయంటే ఆ వూరి చరిత్ర చెప్పినట్టే భావిస్తారు. ఒక మగ్గం ఆడడానికి దాని వెనుక ఎన్ని చేతులు కావాలో మాత్రం అడగరు.

చిలపలు నానబెట్టడం, గంజిపెట్టడం, రాట్నం మీద కండెలు చుట్టడం, పడుగు సాగదీయడం, అచ్చు అతకడం - వీటిలో చాలాభాగం భార్య, తల్లి, పిల్లలు చేసే పనులే. గుంటలో కూర్చుని నాడె ఆడించేది ఒక్కడు. షావుకారు చీరకింతని కట్టిన కూలీ ఆ ఒక్కడి చేతిలోనే పడుతుంది. దీన్ని ‘కుటుంబ పరిశ్రమ’ అని ముద్దుగా పిలుచుకోవడం మనకు అలవాటు.

అనాదిగా ఇంతేననడం చరిత్ర కాదు. 19వ శతాబ్దంలో మిల్లునూలు వెల్లువెత్తక ముందు వడుకు స్త్రీల వృత్తి. నూలు అమ్మితే నాలుగు డబ్బులు వారి చేతికే వచ్చేవి. లాంకషైర్ నూలు, ఆ వెనుక మన మిల్లుల నూలు వచ్చాక నేత ఎలాగో నిలిచింది గాని వడుకు కూలింది. స్త్రీకి కూలిలేని చాకిరీ మిగిలింది. (వాలుగ చేప దవడతో దూదిని శుభ్రంచేసి వడికే పొందూరు స్త్రీలది మినహాయింపు.)

పోచంపల్లి ప్రాంతపు ఆసు సంగతి చూడండి. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకులకూ, ఎదుటి మేకుకూ మధ్య పేక నూలును అటూఇటూ తిప్పుతూ చుట్టాలి. ఆ తరువాతనే చిటికి కట్టి రంగులో ముంచడం. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేలసార్లు కదలాలి. నాలుగైదు గంటల పని. ఇంటి ఆడవారిదే ఆ పని. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్ళతరబడి తంటాలు పడి 1999లో ఆసుయంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. గౌరవం సముచితమే. కాని, అంతకుముందు ఎన్ని తరాల తల్లుల భుజాలు అరిగాయో! ఆ నొప్పిని చీర ధరలో కలిపిన షావుకారు ఎవరు?

2019-20 చేనేత గణన దేశంలోని నేతపనివారిలో 70 శాతం పైగా స్త్రీలేనంది. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం స్త్రీలదే కనుక ఆ అంకెను మన జిల్లాలకు అతికించి సంతోషించనక్కరలేదు.

ఇక పిల్లలు. 1986 నాటి బాలకార్మిక చట్టం కుటుంబ పనిశాలలను మినహాయించింది. 2016 సవరణ బడి వేళ కానప్పుడు, సెలవుల్లో ఇంటిపనికి సాయపడవచ్చునంది. మొదటి పీరియడులో కునికే ఒక కుర్రవాణ్ణి నేనొకసారి బెంచీ ఎక్కించాను. రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావని అడిగితే జవాబు చెప్పలేదు. ఎన్ని కండెలు చుట్టాడో చెప్పాడు.